మాయలాడి గొంతు

“పొయ్యి కట్టీసి రా. ఇయ్యాల నువ్వు మొగుణ్ణి సంపాల,” అన్నారు మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి.

కుక్కర్లో కందిపప్పు ఉంది. రెండు కూతలు వచ్చాయి, మూడోది రావాలి. ఆ మాటే చెప్పాను. “పప్పు ఎక్కడికీ పారిపోదు. మూడ్ పారిపోతాది,” అన్నారు. మా ఇంట్లో అందరికంటే పెద్ద మనిషి ఆయన మూడ్. దానికి వేళకి కాఫీ అందాలి. అది పడుకుంటే మిక్సీ వెయ్యకూడదు, లేస్తే ఎదురు మాట్లాడకూడదు. కట్టేశానని చెప్పి మంట బాగా తగ్గించి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెనక గదిలోకి వెళ్ళాను.

వెనక గదంటే బియ్యం బస్తాలు, చింతపండు జాడీలు ఉండే గది. గొంతు మారుమోగకుండా గోడల నిండా పాత బొంతలు వేలాడదీశాం. వేలాడదీశాం అని మర్యాదకి అంటున్నాను. స్టూలెక్కి మేకులు కొట్టింది నేను, కింద నిలబడి వంకరగా ఉందన్నది ఆయన. ఫ్యాను చప్పుడు రికార్డవుతుంది కాబట్టి వెయ్యకూడదు. మే నెల విజయనగరంలో, గాలాడని గదిలో, వీపు మీద చెమట కారుతుంటే, “నాకు చలేస్తోంది, దేవేంద్రా” అని వణుకుతూ చదవాలి నేను. ముందు రోజే అది చదివాను. బాగా వణికావని మెచ్చుకున్నారు కూడా.

మా ఆయన పేరు సీతారామారావు. గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ‘ఈశ్వర్’ అనే పేరుతో డిటెక్టివ్ నవలలు రాస్తారు. బస్టాండు కొట్లలో తాడుకి పాకెట్ నవలలు వేలాడే రోజుల్లో మొదలుపెట్టారు. పెళ్ళయిన కొత్తలో నేను మూడులాంతర్ల దగ్గర ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. పగలు పెళ్ళి శుభలేఖలు, సాయంత్రం ఓనరు వెళ్ళిపోయాక ఆయన హత్యలు. ఏ పుస్తకంలోనూ నా పేరు లేదు. ఒక పుస్తకంలో మాత్రం ‘నా రచనలకు ఆటంకం కలిగించని నా అర్ధాంగికి’ అని వేశారు. అది చూసి మా అత్తగారు సుభద్రమ్మ, ఇంతకంటే ఏటి కావాలే నీకు అంది. తర్వాత పాకెట్ నవలలు పోయాయి, ఆయన కొన్నేళ్ళు గోడలకేసి చూస్తూ కూర్చున్నారు, ఆ చూపులన్నీ నా మీదే పడేవి. ఇప్పుడు ఫోన్లో కథలు వినే యాప్ వచ్చింది. బస్సుల్లో, ఆటోల్లో చెవిలో వైర్లు పెట్టుకుని జనం మళ్ళీ డిటెక్టివ్ దేవేంద్రని వింటున్నారు. కథా, దేవేంద్ర గొంతూ మా ఆయనవి. ఆడగొంతులన్నీ నావి. నా పేరు కూడా వెయ్యమని ఒకసారి అడిగితే, “రాసినోడి పేరు ఏస్తారు గాని సదివినోళ్ళ పేరు ఏస్తారేటి?” అన్నారు. దేవేంద్రని చదివినాయన పేరు మరి పెద్దక్షరాల్లోనే ఉంది.

ఆయన నవలలన్నీ నా వేళ్ళ మీదుగానే పోయాయి కాబట్టి వాటి సంగతి నాకు బాగా తెలుసు. దేవేంద్ర ఆఫీసులో కూర్చుని సిగరెట్ కాలుస్తుంటాడు. రోహిణి కార్తెలో కూడా రెయిన్‌కోటు విప్పడు. తలుపు తట్టి ఒక ఆడది వస్తుంది. పట్టుచీర, పెదాలకి ఎర్రరంగు, గది నిండా సెంటు వాసన. నన్ను కాపాడండి అంటుంది. ఆవిడ నడుము గురించి ఒక పేజీ. మూడో అధ్యాయానికల్లా ఇతగాడు ఆవిడ పక్కలో ఉంటాడు, అది ఇతని బలహీనత. పదో అధ్యాయంలో ఆవిడ అబద్ధం చెప్పిందని తేలుతుంది, అది ఆవిడ నేరం. ఆ పాటికి ఇతను కూడా నలుగురికి అబద్ధాలు చెప్పి, రెండిళ్ళ తాళాలు పగలగొట్టి ఉంటాడు, కానీ అది వృత్తి ధర్మం. ఆఖరి పేజీలో ఆవిడ గుండెల్లో గుండు దిగుతుంది. ఇతను కొత్త సిగరెట్ వెలిగించుకుని వానలో నడుచుకుంటూ పోతాడు. అభిమానులు ఉత్తరాలు రాసేవారు, ఆ సిగరెట్ వెలిగించడం అద్భుతమని.

టైపు చేస్తున్నన్నాళ్ళూ నాకు ఒకటే అనిపించేది, ఆవిడ ఆ తలుపు ఎందుకు తట్టినట్టు? ఇంట్లో కొట్టే మొగుడు ఉండి ఉంటాడు. స్టేషన్‌కి వెళ్తే ఇంటికి పొమ్మని ఉంటారు, పుట్టింటికి వెళ్తే సర్దుకోమని ఉంటారు. మాసిన చీరతో వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి ఉన్నవాటిలో మంచిది కట్టుకుని వచ్చింది. ఆవిడ అడిగింది సాయం. వీళ్ళు దాన్ని వల అన్నారు. ఏడిస్తే దొంగేడుపు, ఏడవకపోతే రాతిగుండె. ఆవిడ అందంగా లేకపోతే కథలో చోటే లేదు, మహా అయితే కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయే పనిమనిషి. ఇన్ని నవలల్లో ఒక్క మాయలాడి బియ్యం ఏరగా నేను చూడలేదు. ఒక్కదానికీ నెలసరి వచ్చినట్టు లేదు, నడుం నొప్పి పుట్టినట్టు లేదు. ఒకసారి ఆయన్నే అడిగాను, ఈవిడెందుకు ఇంత చెడ్డదైందో ఎక్కడా రాయలేదేమని. “ఆడది సెడిపోడానికి కారణం కావాలేటి?” అని ఆయన నవ్వారు. చేటలో మినప్పప్పు బాగుచేస్తున్న మా అత్తగారు కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఆ పూట ఇద్దరికీ కూరలో ఉప్పు తక్కువైంది.

కొత్త సీరియల్ పేరు ‘ఇత్తడి బిందెలో నాగు’. ఇందులో మాయలాడి రజని. మొగుడు పోయాక వాళ్ళ ఇత్తడి సామాన్ల కొట్టు తనే నడుపుతుంది. మొగుణ్ణి ఈవిడే చంపిందని దేవేంద్ర అనుమానం. మొదటి కాగితాలు రెండుసార్లు చదివాను. మా మరిది వెంకటసాయి పోయి ఏడాది దాటింది. కోట దగ్గర బజార్లో మా మావగారు కూర్మయ్యగారు పెట్టిన ఇత్తడి సామాన్ల కొట్టుని ఇప్పుడు సాయి భార్య శైలజే నడుపుతోంది. మావగారు బతికుండగానే పంపకాలు చేశారు, పెద్దకొడుక్కి ఇల్లు, చిన్నకొడుక్కి కొట్టు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మా ఆయనకి కొట్టు గుర్తు రాలేదు. రిటైరయ్యాక, తమ్ముడూ పోయాక, గుర్తొచ్చింది. పిల్లాపీచూ లేని ఆడది గద్దె మీద కూకుంటే ఇంటికి అరిష్టమని మా అత్తగారికి కూడా అప్పుడే తెలిసింది.

“ఇది మన శైలజ కాదేటండీ?” అన్నాను.

“లోకంలో ఇత్తడి కొట్టు ఒకటే ఉన్నాదేటి?” అన్నారు.

ఆ రోజు బొంతల మధ్య కూర్చోబెట్టి ఇంకో మాట చేర్చారు. “రజనిది పాతపట్నం అని రాసినాను. శైలజ మాటాడినట్టు మాటాడు. నీకు బాగా పడతాది ఆ యాస.”

శైలజది పాతపట్నం. ఒడిశా సరిహద్దు పక్కనే కదా, మాట చివర సాగదీసి, ఆ సాగదీతలోనే సగం నవ్వేస్తుంది. కాపరానికొచ్చిన కొత్తలో నేను ఆ మాటని అనుకరిస్తే అందరికంటే ముందు నవ్వేది ఆమే. చదవనని నేను అనొచ్చు. అంటే ఏమవుతుందో తెలుసు. కంచం ముందు నుంచి లేచిపోతారు. మొగుడికి తిండి లేకుండా సేసినావని అత్తగారు నాలుగు వీధులకి వినబడేట్టు అంటుంది. ఇంట్లో మాటలుండవు, గ్లాసులు పెట్టే చప్పుళ్ళే ఉంటాయి. ఆఖరికి నేనే వెళ్ళి తప్పయిపోయిందంటాను. అంత దూరం నడిచే ఓపిక లేక చాలాసార్లు మొదట్లోనే ఊ అనేస్తుంటాను. ఇప్పుడూ అన్నాను.

ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని చదివాను. “మా ఆయన్ని నేనే సంపినాను. కాఫీలో కలిపీసినాను. మూడు గుటకలు తాగినాడు. పంచదార సాలలేదన్నాడు.”

అప్పుడు వంటింట్లోంచి కుక్కరు కూసింది, పొడుగ్గా.

“కట్టీమన్నానా లేదా?” అని ఆయన కాగితాలు బస్తా మీద కొట్టారు. “ముక్క పాడయిపోనాది. మళ్ళీ సదువు.” వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చి మళ్ళీ చదివాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. ఆయన తల ఊపి, “నీ గొంతులో ఇసం ఉన్నాదే,” అన్నారు. ముప్ఫై ఏళ్ళకి పైగా కాపరంలో ఆయన నన్ను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది అదొక్కటే కావచ్చు. పప్పు మాత్రం పలుకు మిగిలింది, దాని గురించి రాత్రి భోజనం దగ్గర వేరే మాట పడ్డాను.

మా బజార్లో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళికూతురి సారెకి కొనే బిందెని ముత్తైదువ చేతుల మీదుగానే అందుకుంటారు. సాయి ఉన్నప్పుడు శైలజే అందించేది. ఇప్పుడు బిందెలు దింపేదీ, తూచేదీ, బేరమాడేదీ అన్నీ తనే చేసి, ఆఖర్న వెనక్కి జరిగి నిలబడుతుంది. ముహూర్తాల రోజుల్లో నాకు ఫోన్ చేస్తుంది. “అక్కా, ఓపాలి నీ సెయ్యి అరువిస్తావేటి?” అంటుంది. నేను ఆటోలో వెళ్ళి బిందెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, లోపల గుప్పెడు బియ్యం వేసి పెళ్ళికూతురి తల్లి చేతికిస్తాను. వాళ్ళు నా చేతిని కళ్ళకద్దుకుంటారు. నా చేతికున్న మహత్యమల్లా మా ఆయన బతికుండటమే. ఇరవై ఏళ్ళుగా తెల్లారకముందే షట్టర్ ఎత్తి, చింతపండుతో తోమి తోమి వేళ్ళు పగిలిన శైలజ చెయ్యి పనికిరాదు, హత్యలు టైపు చేసిన నా చెయ్యి పనికొస్తుంది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అయినా పిలిచినప్పుడల్లా వెళ్ళేదాన్ని, వెళ్ళకపోతే ఆ బేరం పోతుంది కాబట్టి.

ఆ రికార్డింగయిన పది రోజులకి, లక్ష్మివారం నాడు, రామతీర్థం వైపు పెళ్ళివాళ్ళు కొట్టుకి రావాలి. బిందెలు, గంగాళం ముందే ఏరి పక్కన పెట్టించుకున్నారు. పసుపు కలుపుకుని నేను సిద్ధంగా కూర్చున్నాను. వాళ్ళు వచ్చారు, కానీ మెట్టెక్కలేదు. పెళ్ళికూతురి తల్లి శైలజ ముఖంలోకి వింతగా చూసి, పక్కావిడ చెవిలో ఏదో చెప్పి, “మాకొద్దమ్మా, మావోళ్ళు ఒప్పుకోటం లేదు,” అంటూ ఎదురు కొట్లోకి వెళ్ళిపోయింది. ఎదురు కొట్టతను నవ్వుతూ బిందెలు దింపాడు.

“వారం నుంచీ ఇలాగే ఉన్నాది అక్కా,” అని శైలజ ఫోన్ తీసింది. “ఇది ఇన్నావేటి? సంఘం గ్రూపులో తిరుగుతంది.”

సంఘం గ్రూపంటే మా బజారు వర్తకులందరూ ఉండే వాట్సాప్ గ్రూపు. అందులో ఎవరో పెట్టిన ముక్కని ఒకళ్ళ నుంచి ఒకళ్ళు పంపుకుంటున్నారు. పైన ‘తన నోటితోనే చెప్పింది, వినండి’ అని రాసుంది. శైలజ నొక్కింది. “మా ఆయన్ని నేనే సంపినాను. కాఫీలో కలిపీసినాను. మూడు గుటకలు తాగినాడు. పంచదార సాలలేదన్నాడు.” మ్యూజిక్ లేదు, దేవేంద్ర లేడు, కథ పేరు లేదు. చివర్న కుక్కరు కూత ఉంది.

“సాయి పోయిన కాడి నుంచి నాకు సరిగా నిద్ర లేదు అక్కా,” అంది శైలజ. “ఇది ఇంటే నా గొంతే అనిపిస్తంది. నేనెప్పుడైనా ఇలగన్నానేటి, నాకు మతి గాని పోయిందేటని రెండ్రోజులు నాకే అనుమానం.”

నా చేతికున్న పసుపు ఆరిపోయి బిగుసుకుంటోంది. ఆ కూత మా కుక్కరుది. పనికిరాదని పారేసిన ముక్క అది. యాప్ వాళ్ళకి వెళ్ళింది రెండోసారి చదివింది, అందులో కూత లేదు. ఈ ముక్క మా ఆయన ఫోన్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. కొట్టు కోసం మొగుడు ఏం చెయ్యగలడో తెలుసుకోడానికి నాకు రెయిన్‌కోటు అక్కర్లేకపోయింది.

“నీది కాదు శైలూ. నాది,” అన్నాను. అంతా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. పక్కన పెట్టిన గంగాళం తీసుకుని మళ్ళీ పైన సర్దేసింది. కిందికి దిగి చేతులు దులుపుకుంది. “బావ రాసినాడు. నువ్వు సదివినావు. ఊరు ఇన్నాది. మరి నేనేటి సేసినాను అక్కా?” అంది. నేను పసుపు గిన్నె పక్కకి జరిపాను. తనే మళ్ళీ అంది, “రేపు సత్రంలో సంఘం పెద్దలు కూకుంటన్నారు. కొట్టు బావకి అప్పజెప్పీసి నన్ను పాతపట్నం పొమ్మంటారు. కాగితాలు నా పేర్నే ఉన్నాయి, దానికేటి, ఒక్క మనిషి మెట్టెక్కకపోతే కాగితాలు కూటికొస్తాయేటి? అక్కడ సెప్తావా?”

చెప్తానని అనలేకపోయాను. చెప్పనని కూడా అనలేదు. ఆటోలో వస్తూ చేతులకున్న పసుపుని గోళ్ళతో గీకుతూ కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన వరండాలో కూర్చుని యాప్‌లో కామెంట్లు చదివి అత్తగారికి వినిపిస్తున్నారు. ఆ ముక్క మీరే పంపారా అని అడిగాను. ఫోన్లోంచి తల ఎత్తలేదు.

“ఎవులో పంపినారు. అలగ తిరుగుతాది. నేనేటి సేస్తాను?”

“కుక్కరు కూత ఉన్నాది అందులో.”

అప్పుడు తలెత్తారు. ఇన్నేళ్ళలో నేను ఏదైనా కనిపెట్టగలనని ఆయనకి తోచలేదు. ఆయన నవలల్లో కనిపెట్టేవాళ్ళందరూ మగవాళ్ళే. గొంతు తగ్గించి, “సూడు అనూ, కొట్టు మనకొస్తే నీకే మంచిది. నువ్వూ వచ్చి కూకోవచ్చు, బిందెలందియ్యొచ్చు,” అన్నారు. నేను కదలకపోయేసరికి గొంతు మారింది. “రేపు సత్రంలో కాఫీల పని నీది. కాఫీలిచ్చి రా, అంతే. ఆ గొంతు నీదని తెలిస్తే పరువేటవుతాది? పెళ్ళాం సేత ఇలాటివి సదివించినాడని నన్నంటారు.”

“సాయి ఎలాగ పోయినాడో మీకు తెలీదేటి?” అన్నాను.

దానికి అత్తగారు లేచింది. “ఒసే, ఆ మాటెత్తకు. ఇంటి గుట్టు.”

ఇంటి గుట్టంటే ఇదీ. సాయి తాగి పోయాడు. లివరు పాడైపోయి, పొట్ట ఉబ్బిపోయి, రక్తం కక్కుకుని పోయాడు. ఆ దుప్పట్లు ఉతికింది నేనూ శైలజా. వైశ్యుల ఇంట తాగుడేటని నలుగురూ నవ్వుతారని, గుండె ఆగిపోయిందని చెప్పమంది అత్తగారు. అందరం అదే చెప్పాం, శైలజ కూడా. నిన్నటిదాకా తిరిగిన మనిషి గుండె ఉన్నట్టుండి ఎందుకాగింది అని ఊరు అప్పుడే అనుకుంది. దినాల్లో శైలజ ఏడవలేదు, అదీ అనుకుంది. మొగుడి కక్కు ఎత్తి ఎత్తి అప్పటికే ఆమెలో కన్నీళ్ళు లేవని ఎవరికి తెలుసు? మొగుడి పరువు కాపాడ్డానికి ఆడది ఒక అబద్ధం ఆడింది. ఆ అబద్ధాన్నే పట్టుకుని ఆవిడ మొగుణ్ణి చంపిందన్నారు. మా ఆయన దానికి అధ్యాయాలు కట్టి అమ్ముకున్నారు.

“రేపు సత్రం నుంచి వచ్చినాక ఆఖరి భాగం సదివీయాల,” అన్నారు ఆయన మళ్ళీ ఫోన్లోకి వంగుతూ. “నీ సావు సీను. గుండు దిగినాక ఓ రెండు మాటలుంటాయి, జాలిగా సెప్పాల.”

మర్నాడు సత్రంలో పెద్దలు ప్లాస్టిక్ కుర్చీల్లో, ఆడవాళ్ళం పక్కన చాప మీద. శైలజకి మాత్రం నడిమధ్య ఒక కుర్చీ వేశారు, గౌరవానికి కాదు. మా ఆయన రెండో వరుసలో తెల్లచొక్కాతో, చేతులు కట్టుకుని, తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్నలాగ కూర్చున్నారు. వంటగదిలో ఫిల్టరు కాఫీ నేనే కలిపాను. స్టీలు గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని ఒక్కొక్కరికీ వంగి అందించాను. ఎవరూ నా ముఖంలోకి చూడలేదు. కాఫీ ఇచ్చే మనిషి ముఖం ఎవరూ చూడరు.

సంఘం పెద్ద గణపతిరావుగారు, మా మావగారికి పినతండ్రి కొడుకు, భజనలకి వాడే స్పీకరు తెప్పించి ఫోన్ కలిపించారు. నా గొంతు సత్రమంతా నిండింది. మా ఆయన్ని నేనే సంపినాను. చాప మీద ఆడవాళ్ళు గుండెల మీద చేతులేసుకున్నారు. మూడు గుటకలు తాగినాడు. మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని, “నా కొడుకే, నా సాయే,” అని ఏడుపందుకుంది. కూత వచ్చింది, ఆగిపోయింది.

“ఇంకేటి సెప్తావమ్మా?” అన్నారు గణపతిరావుగారు.

“అది నా గొంతు కాదు మావయ్యా,” అంది శైలజ.

“మరెవలిది?”

శైలజ నా వైపు చూడలేదు. చూస్తే సరిపోయేది, వేలు చూపిస్తే సరిపోయేది. తల దించుకుని, పగిలిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చూసింది మా ఆయన. కంచం ముందు నుంచి లేచిపోయే ముందు చూసే చూపు అది. ఆ చూపు తర్వాత ఎంత దూరం నడవాలో నాకు తెలుసు. ఈసారి ఆ దారి నాకు పొడుగనిపించలేదు. అసలు వెనక్కి రావలసిన పనేముంది అనిపించింది.

పళ్ళెం కింద పెట్టాను. కొంగు బిగించుకుని, ఎప్పుడూ చదివినట్టే, మాట చివర సాగదీసి చెప్పాను. “మా ఆయన్ని నేనే సంపినాను. కాఫీలో కలిపీసినాను. మూడు గుటకలు తాగినాడు. పంచదార సాలలేదన్నాడు.”

స్పీకరు లేకపోయినా సత్రం నిండింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మా ఆయన వైపు తిరిగారు. నేను చంపిన మొగుడు రెండో వరుసలో గ్లాసు పట్టుకుని బతికే ఉన్నాడు. మా అత్తగారి ఏడుపు ఆగిపోయింది.

“ఆ గొంతు నాది,” అన్నాను నా మాటలో. “కూత మా ఇంటి కుక్కరుది. కూత పడిందని ఈ ముక్క పారేసి రెండోసారి చదివించారు. ఇది ఈయన ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేదు. సాయిని ఎవరూ చంపలేదు, తాగి పోయాడు. ఆ దుప్పట్లు ఉతికినదాన్ని నేను.”

“ఒసే,” అంది అత్తగారు.

మా ఆయన లేచారు. ముఖం నల్లబడింది. “ఇది ఉత్తి కథండీ. నేను రాసుకున్న కథ. యాప్‌లో ఉన్నాది, కావాలంటే ఇనండి. కథ కథే, దానికీ ఈవిడకీ సమ్మందమే లేదు.”

శైలజ అప్పుడు తలెత్తింది. “మరి ఇందాకా సెప్పలేదేటి బావా?”

మా ఆయన కూర్చోలేక, నిలబడలేక కుర్చీ వీపు పట్టుకున్నారు. కథలో అయితే ఇక్కడ ఎవరో ఒకరు తుపాకీ తియ్యాలి, ఆడది నేల మీద పడాలి, జాలిగా రెండు మాటలు చెప్పాలి. ఆఖరి భాగం చదివే మనిషి ఆయనకి ఇక దొరకదు, ఆ సంగతి ఇంటికెళ్ళాక చెప్దామనుకున్నాను.

గణపతిరావుగారు గొంతు సవరించుకున్నారు. చేతిలో ఉన్న గ్లాసు పెదాల దాకా ఎత్తారు. ఎత్తినవారు ఆగారు. గ్లాసులోకి చూశారు, నా ముఖంలోకి చూశారు. సత్రానికి వచ్చాక మా ఆయన కాక ఇంకో మగవాడు నా ముఖంలోకి చూడటం అదే మొదలు. ఆయన్ని చూసి పక్కాయన ఆగాడు, వెనక వరుసలో వాళ్ళు ఆగారు. ఒక్కొక్క గ్లాసూ మెల్లగా కుర్చీ కిందికి దిగింది.

నేను పళ్ళెం అందుకుని గణపతిరావుగారి ముందు వంగి, రజని గొంతుతో అడిగాను. “పంచదార సాలినాదేటి, మావయ్యగారూ?”